కిటికీలో ఏసీగారు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ. ఆ ఫ్యాను చప్పుడులో నా మాట సగం గాలికి పోతుంది. మిగిలిన సగమైనా మీ చెవిన పడాలంటే నా మోకాలు మీకు తగలాలి. దిండు కావాలంటే తెచ్చుకోండి. నిద్ర వచ్చేవాళ్ళు మాత్రం ఇప్పుడే లేచిపోండి. ఈ కథను సగం విని లేచిపోయినవాళ్ళు, ఒక ఆడ ఆఫీసరును గోడలోంచి బయటికి లాగి బండి మీద వేసుకుపోయారని ఊరంతా చెబుతున్నారు. లాగిన మాట నిజమే. మిగతాది వినండి.

నల్లగుట్లపల్లిలో పురుగులాఫీసు ఉండేది. బోర్డు మీద దాని పేరు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉండేది గానీ, దాన్ని పూర్తిగా చదివినవాణ్ణి నేను చూడలేదు. పట్టుపురుగు గుడ్లను అక్కడ చల్లని గదిలో పొదిగించి, రైతులకు ఇచ్చేవాళ్ళు. పుట్టిన పిల్లలకు లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి వేయడం నా పని. పట్టుపురుగు గుడ్డు గసగసాల గింజంత ఉంటుంది, పౌరుషం మాత్రం జమీందారుది. గదిలో వేడి కాస్త పెరిగితే లోపలే ముడుచుకుని ప్రాణం విడుస్తుంది, బతిమాలినా వినదు.

అందుకని ఆ గది కిటికీలో ఒక ఏసీ మిషను పెట్టారు. సగం లోపలికి, సగం వీధిలోకి ఉండేది. వీధివైపు వేడి ఊదేది, ఇంటివైపు చలువ. మీ తాత దీనికి సరిగ్గా తలకిందులు.

ఆ ఎండాకాలం మిషను మొరాయించింది. మొదట ముందువైపు నుంచి నీళ్ళు కార్చింది. తర్వాత మూలగడం మొదలుపెట్టింది. చివరికి మూలుగే మిగిలి చలువ పోయింది. గుడ్లు ఒక విడత మొత్తం మాడిపోయాయి.

ఆ గుడ్ల కోసం కాచుకున్నవాళ్ళలో గంగరత్న అని ఒక పిల్ల ఉంది. మొగుడు లారీ మీద తిరుగుతుంటాడు. ఈ పిల్ల ఒక్కతే బావితోటలో మల్బరీ నాటి, నీళ్ళు కట్టి, గొడ్డు పడకుండా కాపాడి, నడుమెత్తు పెంచింది. దాని బావ, అంటే మొగుడి అన్న తిప్పన్నకు ఆ తోట మొదటి నుంచీ గిట్టదు. ఆకు నిగనిగలాడుతూ నిలబడి ఉంది, తినే పురుగు లేదు. తిప్పన్న ఆఫీసు గుమ్మం దాకా వచ్చి చెప్పాడు.

"చూడు గంగా, ఆకు చూసుకుంటా కూసుంటే కడుపు నిండదు. ఇంకొక్క విడత చూస్తా. అదీ పోయిందంటే మల్బరీ పెరికి చెనక్కాయ ఏస్తా. ఇత్తనాలు తెచ్చి అటక మీద పెట్టినా."

"పెరుకుదువులే బావా. మూణ్ణాళ్ళ ముందరే మడక పదును పెట్టుకోవద్దు," అంది గంగరత్న. నోరు గట్టిదే గానీ, అతను పోయాక నా పక్కన కూర్చుని ఆకు తరిగే కత్తిని ఊరికే తిప్పుతూ ఉండిపోయింది. "అత్తా, ఆ మిషన్ను ఎవరన్నా బాగు చేయిస్తారా?" అని మాత్రం అడిగింది.

చేయించాలంటే హెడ్డాఫీసుకు రాయాలి. రాయవలసింది ఆఫీసు పెద్ద చిన్నపరెడ్డి సారు. మంచివాడు. హెడ్డాఫీసు కవరు వస్తే చించకముందే లేచి నిలబడేవాడు. ఆ ఏడాది హెడ్డాఫీసుకు రెండు జబ్బులు ఒకేసారి పట్టాయి. ఒకటి తెలుగు, రెండోది పొదుపు. ఉత్తరాలన్నీ తెలుగులోనే ఉండాలి, ఒక్క ఇంగ్లీషు అక్షరం కనబడకూడదు, ఏ విషయమైనా పోస్టుకార్డులో పట్టాలి. ఇదివరకు మిషను పేరును ఇంగ్లీషులో బారెడు రాసే చిన్నపరెడ్డి సారు, ఈసారి మూడు మాటలు రాసి రెండు కొట్టేసి, చివరికి నాకు చదివి వినిపించాడు.

"అయ్యా, మా ఏసీ పనిచేయుటలేదు. పగలంతా కిటికీలో ఉండి రొద చేయుచున్నది. తరచు నీళ్ళు కార్చుచున్నది. దీనివలన సిబ్బంది ఉక్కిరిబిక్కిరి అగుచున్నారు. సర్వీసు విషయము చూసి తగు చర్య తీసుకొనగలరు."

"బాగుండాది సార్," అన్నాను. బాగానే ఉంది కదా.

హెడ్డాఫీసులో ఏసీ అంటే అసిస్టెంటు కమిషనరు. అక్కడ అంతస్తుకు గంపెడుమంది ఉంటారు. సర్వీసు అంటే ఉద్యోగం. కార్డు మూడో అంతస్తుకు, ఉద్యోగుల విభాగానికి పోయింది. ఇక మన తెలుగు సంగతి మీకు తెలుసు కదా. మగవాడైతే 'వచ్చాడు'. ఆడమనిషైనా, ఆవైనా, అలమారా అయినా 'వచ్చింది'. మిషనుకు 'చేయుచున్నది' అని రాస్తే మూడో అంతస్తువాళ్ళకు అందులో ఒక ఆడ ఆఫీసరు కనబడింది. వారం తిరక్కుండా మెమో వచ్చింది. చిన్నపరెడ్డి సారు నిలబడి చదివాడు.

"ఒక మహిళా ఉన్నతాధికారిని గూర్చి తాము 'చేయుచున్నది', 'కార్చుచున్నది' అని అమర్యాదగా వ్రాయుటను ఈ కార్యాలయము తీవ్రముగా పరిగణించుచున్నది. ఇకపై ఏసీ అను పదమునకు 'గారు' చేర్చి, గౌరవ వాచకము వాడవలెను. సదరు అధికారిణి కార్యాలయములో నీళ్ళు కార్చుటకు గల మనోవేదన ఏమిటో, వారి ఆరోగ్యస్థితి ఏమిటో వైద్యుని అభిప్రాయముతో సహా తెలుపవలెను."

సారు చదవడం ముగించి మిషను వైపు చూశాడు. మిషను మూలిగింది.

"ఓబుళమ్మా, వీళ్ళు దీన్ని మనిసి అనుకుంటాండారు."

"ఫోను చేసి చెప్పండి సార్, అయిపోతాది."

పోస్టాఫీసుకు పోయి ఫోను చేశాడు. నేనూ, గంగరత్నా గుమ్మంలో నిలబడి విన్నాము. "నమస్కారం సార్, ఆ ఏసీ విషయం సార్... లేదు సార్, అది మనిసి కాదు సార్..." అన్నాడు. అవతలి గొంతు ఫోను దాటి మా దాకా వచ్చింది.

"ఒక లేడీ ఆఫీసర్ని పట్టుకుని మనిషి కాదంటావా? బుద్ధుందా నీకు?"

"అట్ల కాదు సార్, అది కిటికీలో బిగించి..."

"ఆవిడ్ని కిటికీలో బిగించావా?"

సారు ఫోను పెట్టేశాడు. ఆఫీసుకు తిరిగి వచ్చాక కూర్చుని, "ఇంక నేను ఏమీ చెప్పను. వాళ్ళు అడిగింది రాస్తా, చెప్పినట్ల రాస్తా," అన్నాడు. ఉద్యోగం చేసేవాడికి అంతకంటే క్షేమమైన దారి లేదని ఆయన నమ్మకం. గంగరత్న మాత్రం ఊరుకోలేదు. వైద్యుని అభిప్రాయం కావాలన్నారు కదా అని, హిందూపురం నుంచి దస్తగిరిని పిలుచుకొచ్చింది.

దస్తగిరి ఏసీలు బాగు చేసేవాడు. పనెంత చేస్తాడో మాటలూ అంతే. సంచీ దింపకముందే మొదలుపెట్టాడు.

"ఏం సార్, పెండ్లినాడు తుడిచి మళ్ళ తుడవలేదా దీన్ని?" ముందు మూత ఊడదీసి జాలీ బయటికి తీశాడు. దుమ్ము కంబళిలా వచ్చింది. "గాలి ఆడకపోతే మంచు కడతాది, మంచు కరిగితే నీళ్ళు కారుస్తాది, అంతే. దీనికి వెనక్కి వాలు కూడా లేదు, అందుకే నీళ్ళు ఇంట్లోకి." సొరుగు లాగినట్టు మిషన్ను పెట్టెలోంచి బయటికి లాగి, ఎండలో పెట్టి, వెనక రేకుల్ని బ్రష్షుతో తోమి నీళ్ళు కొట్టాడు. లోపల కాటుక డబ్బా లాంటిది ఒకటి ఉబ్బి ఉంది. "ఇదిగో కెపాసిటరు, సచ్చిపోయింది. ఇది తోస్తేనే కంప్రెసరు లేసేది. ఇది పోతే అది లేయలేక మూలగతా ఉంటాది. కట్టె లేని ముసిలోడు లేసినట్ల." సంచీలోంచి కొత్త డబ్బా తీసి వేశాడు. ఫ్యాను మోటారు బుష్షు అరిగిందని అదీ మార్చాడు. పెట్టె ముందు కాళ్ళ కింద చెక్కముక్క పెట్టి వెనక్కి వాలు ఇచ్చాడు.

స్విచ్చి వేస్తే మిషను ఒక్కసారి ఉలిక్కిపడి, గురకపెట్టి, తర్వాత సన్నగా పాడుకోవడం మొదలుపెట్టింది. గంగరత్న దాని ముందు చేతులు చాచి నిలబడింది. కొత్త విడత గుడ్లు ఆ సాయంత్రమే గదిలోకి చేరాయి.

అంతటితో కథ అయిపోవాలి. కానీ అడిగిన జవాబు పంపాలి కదా. దస్తగిరి చెబుతుంటే, సారు గౌరవ వాచకం తప్పకుండా కార్డు మీద ఎక్కించాడు.

"ఏసీగారి ముఖము విప్పి చూడగా మురికి పేరుకొని ఉన్నది. సబ్బుతో ముఖము కడిగి, వారిని ఆరుబయటికి లాగి, వీపు తోమి, నీళ్ళు పోసితిమి. ఈ పనికై పట్టణము నుండి దస్తగిరి అను అతనిని పిలిపించితిమి. ఇప్పుడు ఏసీగారు హాయిగా ఉన్నారు."

"ఇట్ల రాస్తే బాగుండదేమో సార్," అన్నాను.

"గౌరవంగా లేదా?" అన్నాడు ఆయన.

గౌరవానికి ఏ లోటూ లేదు.

పిల్లలూ, ఆ శాఖలో ఒక పంపు బాగు చేయించడానికి పట్టే కాలంలో కొబ్బరిచెట్టు కాపుకు వస్తుంది. శిక్ష వేయడానికి మాత్రం పోస్టుమాను పరుగెత్తుకుంటూ వచ్చాడు. పని వేళల్లో, ఆరుబయట, పరపురుషుని చేత ముఖము కడిగించుకొని వీపు తోమించుకొన్నందుకు నల్లగుట్లపల్లి ఏసీగారిని సస్పెండు చేసినామని, విచారణాధికారి వచ్చేవరకు వారు ఊరు విడిచి వెళ్ళరాదని, ఎట్టి పనీ చేయరాదని అందులో ఉంది.

సారు నిలబడే చదివాడు, నిలబడే నడిచిపోయి స్విచ్చి ఆపేశాడు.

"సార్, ఏం చేస్తాండారు?" అంది గంగరత్న.

"సస్పెన్షన్లో ఉన్నోళ్ళు పని చేస్తే తప్పు. చేపించినోళ్ళది ఇంకా తప్పు."

"గుడ్లు రెండుమూడు దినాల్లో పగులుతాయి సార్. ఎండ చూస్తిరా ఎట్లుండాదో. ఈ గుడ్లకు మీ మెమో సదివి వినిపించేదా?"

"అమ్మా గంగా, నాకు ఇద్దరు ఆడబిడ్డలుండారు," అన్నాడు సారు. ఆ పిల్ల బావి నుంచి నీళ్ళు మోసి గోనెపట్టలు తడిపి కిటికీలకూ, గుమ్మానికీ కట్టింది. నేనూ కట్టాను. తడిపినవి తడిపినట్టే ఆరిపోతున్నాయి. బాగుపడిన మిషను కిటికీలో నోరు మూసుకుని మమ్మల్ని చూస్తూ ఉంది.

విచారణాధికారి శంభులింగంగారు జీపులో వచ్చారు. తెల్లని బట్టలు, నల్లని పెట్టె, కృష్ణా జిల్లా మాట. కుర్చీలో కూర్చుని పెట్టె తెరిచి, "ముద్దాయిని ప్రవేశపెట్టండి," అన్నారు.

చిన్నపరెడ్డి సారు కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

ఆయన చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. లేచి వీధిలోకి పోయి, వెనకవైపు నుంచి కూడా చూసి వచ్చి కూర్చున్నారు.

"ఇది ఏసీ."

"అవును సార్."

"అంటే మన ఏసీ, ఏసీ కాదు."

"ఏసీ ఏసీనే సార్. మీరనుకునే ఏసీ కాదు."

శంభులింగంగారు చాలాసేపు పెట్టె మూత మీద వేళ్ళతో దరువు వేశారు. "చూడవయ్యా చిన్నపరెడ్డీ. ఆర్డరు మీద కమిషనరుగారి సంతకం ఉంది. ఇది మిషనని నేను రాస్తే, కమిషనరుగారు మిషన్ని సస్పెండు చేశారని రాసినట్టు. ఆ వాక్యం రాసే పెన్ను మన శాఖ ఇంకా కొనలేదు. పైగా ఈ నెల శిక్షల లక్ష్యం ఇంకా పూర్తి కాలేదు. తీర్పు కూడా ఇక్కడే చెప్పి రమ్మని నాకు అధికారం ఇచ్చి పంపారు. కాబట్టి విచారణ జరుగుతుంది. పద్ధతిగా జరుగుతుంది."

గంగరత్న ముందుకు వచ్చింది. "జరపండి సార్, ఎవురొద్దన్నారు. అంతవరకూ ఆయమ్మను ఆన్ చేయనీండి. గుడ్లు నీలంగా తిరిగినాయి, ఇంక రేపోమాపో పగులుతాయి."

"అమ్మాయీ, పనిచేయడం లేదని ఫిర్యాదు వస్తే సస్పెండు చేస్తాం. సస్పెండు చేశాక పని చేయనివ్వం. ఇందులో మధ్యలో పని చేసే వీలు ఎక్కడుందో నువ్వే చెప్పు. ఇదీ క్రమశిక్షణంటే."

అభియోగాలు చదివారు. ఒప్పుకుంటున్నారా అని కిటికీని అడిగారు. నిబంధన ప్రకారం మళ్ళీ మళ్ళీ అడిగారు. గది నిప్పుల కొలిమిలా ఉంది, తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయింది. ప్రశ్న అడుగుతూ అడుగుతూనే ఆయన చెయ్యి తనంతట తాను స్విచ్చి వైపు పోయింది.

"సార్, సస్పెన్షను," అన్నాడు చిన్నపరెడ్డి సారు మెల్లగా.

చెయ్యి వెనక్కి వచ్చింది. "ముద్దాయి మౌనం వహించారు అని రాయండి. సాక్షిని పిలవండి."

దస్తగిరి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏసీగారి వీపు తోమిన మాట వాస్తవమేనా?"

"తోమినా సార్. బాగా తోమినా. ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"ఇదివరకు ఇంకే ఏసీల వీపులైనా తోమావా?"

"అదే కదా సార్ నా బతుకు. బ్యాంకోళ్ళది తోమినా, డాక్టరమ్మది తోమినా. సినిమాహాలోళ్ళది ఎంత తోమినా మురికి పోదు సార్."

"చాలు. నేరం రుజువైంది." ఆయన చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నారు. "ఇక శిక్ష. బదిలీ చెయ్యొచ్చు. కానీ ఎక్కడికి చేసినా అక్కడివాళ్ళు చూస్తారు. హోదా తగ్గించొచ్చు. ఏసీకి కింద ఏముంటుంది?"

"కూలరు సార్," అన్నాడు దస్తగిరి.

"ఆ ఉద్యోగం మన శాఖలో లేదు. కాబట్టి నిర్బంధ పదవీ విరమణ. ఈ రోజు నుంచే. ఇక ఈవిడకూ శాఖకూ సంబంధం లేదు."

మాట పూర్తికాకముందే గంగరత్న అడిగింది. "అయితే ఆయమ్మ ఇంక యాడికైనా పోవచ్చునా సార్?"

"నిక్షేపంగా పోవచ్చు. అసలు పోవాలి కూడా. రిటైరైనవాళ్ళు ఆఫీసు గదిలో ఉండకూడదు."

"ఎవురింట్లోనైనా ఉండొచ్చునా? పని చేసుకోవచ్చునా?"

"స్వతంత్రురాలు. ఏమైనా చేసుకోవచ్చు. బంధువులు ఎవరైనా వచ్చి తీసుకెళ్ళాలి, అంతే."

"నేనే సార్. తోటలో మా పురుగుల షెడ్డుకు పిలుచుకొని పోతా. నాకు చిన్నమ్మ అయితాది."

శంభులింగంగారు కలం ఆపారు. గంగరత్న వైపు చూశారు. తడి గోనెపట్టల వైపూ, గుడ్ల అట్టల వైపూ చూశారు. చెమట ముక్కు చివర నుంచి కాగితం మీద పడింది.

"ఏ వైపు నుంచి?"

"చల్లగుండే వైపు నుంచి సార్."

"బంధుత్వం సరిపోయింది అని రాయండి," అన్నారు ఆయన.

రిటైరైన అధికారిని ఊరికే పంపకూడదు కదా. మిషనుకు చామంతి మాల వేశాం, శాలువా కప్పాం. 'ఎంతటి వేడిలోనూ తాను చల్లగా ఉండి, తన వేడిని వీధికి వదిలిన ఉత్తమ అధికారిణి' అని శంభులింగంగారు రెండు ముక్కలు మాట్లాడారు. పాపం, ఆ రెండు ముక్కలూ నిజాలే. చిన్నపరెడ్డి సారు కళ్ళు తుడుచుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

రిటైరైన ఆఫీసరమ్మను ఇంటికి తీసుకుపోవాలి, బండి కట్టుకుని రమ్మని తిప్పన్నకు కబురు పోయింది. అతను ఉతికిన పంచె కట్టుకుని, బండిలో జంపఖానా పరిచి, నిమ్మకాయ పట్టుకుని వచ్చాడు. దస్తగిరి మిషన్ను పెట్టెలోంచి లాగుతున్నాడు.

"ఆయమ్మ యాడ?" అన్నాడు తిప్పన్న.

"ఇదిగో వస్తాంది, చేయి పట్టన్నా. బరువుగుండాది," అన్నాడు దస్తగిరి.

తిప్పన్న నిమ్మకాయ జేబులో వేసుకుని మిషన్ను మోశాడు. దారి పొడుగునా, "దీనికోసం షెడ్డుకు కన్నం కొట్టల్లనా? పురుగు నమ్మినోడు యాడన్నా బాగుపడినాడా? ఇదే ఆఖరి విడత, గుర్తు పెట్టుకో," అని ఎడ్లతో చెబుతున్నట్టు చెబుతూనే ఉన్నాడు. గుడ్ల అట్టలను నేను తడిగుడ్డ చుట్టి ఒడిలో పెట్టుకున్నాను. తక్కిన రైతుల గుడ్లు కూడా మాతోనే వచ్చాయి, మరి చలువ ఎక్కడుంటే అక్కడికే కదా.

పొద్దుగుంకేలోపల గోడకు కన్నం పడింది, వాలు సరిచూసి దస్తగిరి మిషన్ను బిగించాడు. తెల్లవారి మల్బరీ చిగుళ్ళు తరిగి తెచ్చేసరికి అట్టల మీద నల్లని నూకల్లా పిల్లలు కదులుతున్నాయి. గంగరత్న కోడి ఈకతో వాటిని తట్టలోకి తోస్తూ, ఊపిరి తగిలితే ఎగిరిపోతాయేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక ఇక్కడ ఆఫీసు చూడండి. ఏసీ రిటైరైతే ఖాళీ పడుతుంది. పోయినావిడ ఆడది కాబట్టి ఆ ఖాళీ ఆడవాళ్ళదే. మూడో అంతస్తువాళ్ళు హైమవతిగారు అనే నిజం అసిస్టెంటు కమిషనరును పెట్టెతో సహా పంపించారు. ఆవిడ గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, పమిటతో విసురుకుని, కిటికీలో మిషను ఉండవలసిన చోట ఉన్న కన్నం వంక చూశారు.

"ఇక్కడ ఏసీ లేదా?"

"మీరే మేడమ్," అన్నాడు చిన్నపరెడ్డి సారు.

అదే సమయానికి మా మొదటి కార్డు తిరిగి తిరిగి రెండో అంతస్తుకు చేరింది. రెండో అంతస్తుది మిషన్ల విభాగం. వాళ్ళ ఉత్తరం మేడమే స్వయంగా చించి పైకి చదివారు.

"మీ కార్యాలయమునకు కొత్త ఏసీ వచ్చినట్లు మూడో అంతస్తువారు తెలిపినారు. దానిని వెంటనే కిటికీలో బిగించి, వెనుకకు వాలు ఉన్నదో లేదో చూసి, ఎంత శబ్దము చేయుచున్నదో, నీళ్ళేమైనా కార్చుచున్నదో వ్రాయవలెను. నెలకొకసారి ముఖము విప్పి కడుగవలెను."

చిన్నపరెడ్డి సారు గోడకు ఆనుకున్నాడు. హైమవతిగారు కాగితం మడిచి, "కిటికీ ఎంత వెడల్పు?" అని అడిగారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆగేలోపల నేను జరిగిందంతా చెప్పేశాను.

ఆ మధ్యాహ్నం నుంచి మేడమ్ జీపు బావితోటకు రావడం మొదలైంది. డైరీలో 'రిటైరైన సహోద్యోగిని పరామర్శ' అని రాసుకునేవారు. షెడ్డులో మిషను ఎదురుగా కుర్చీ వేసుకుని కాగితాలు చూసుకునేవారు. పురుగులు ఆకు కొరుకుతుంటే రేకుల మీద చినుకులు పడ్డట్టుండేది. ఒకరోజు తిప్పన్న గట్టు మీద నిలబడి జీపు వంక చూస్తూ మరదల్ని అడిగాడు.

"ఆ మేడమ్ దినామూ ఎందుకొస్తాది?"

"పాత ఏసీని చూసేకి కొత్త ఏసీ వస్తాది బావా. ఆఫీసర్ల మర్యాద అది."

"మల్బరీ పెరికితే అడుగుతాదా?"

"పెరికి చూడు. నీ పేరు అడుగుతాది, నాయన పేరు అడుగుతాది, పోస్టుకార్డు రాస్తాది."

పోస్టుకార్డుకు భయపడని మగవాడు ఆ చుట్టుపక్కల లేడు. పురుగులు పండి, పసుపు తిరిగి, గూళ్ళు కట్టడానికి వెదురు తడికల్లాంటి చంద్రికల మీదికి ఎక్కిన రోజున, చంద్రికల్ని ఎత్తి నిలబెట్టింది తిప్పన్నే. గూళ్ళు కట్టడం అయిపోయాక వచ్చి, వేలితో ఒకదాన్ని నొక్కి చూశాడు, గట్టిగా ఉంది. ఇంకోటి నొక్కాడు. ఇంటికి పోయి అటక మీది నుంచి చెనక్కాయ విత్తనాలు దింపి, పెనం మీద వేయించి, బెల్లంముక్కతో సహా షెడ్డుకు తెచ్చి అందరికీ పెట్టాడు. హైమవతిగారు కూడా ఒక పిడికెడు తిన్నారు. విత్తనాలు పొట్టలోకి పోయాక ఇంకేం వేస్తాడు? గంగరత్న గుప్పెడు కాయలు నా ఒడిలో పోసి, అందరికంటే ముందు లేచి, తర్వాతి విడతకు తోటకు నీళ్ళు కట్టడానికి పోయింది.

ఇదీ సంగతి. రేపు మీ పిల్లలు అడిగితే, అడగకపోయినా కూర్చోబెట్టి, ఈ కథ ఇట్లాగే చెప్పండి. మధ్యలో ఏదైనా మరిచిపోతే ఫరవాలేదు, మీకు తోచింది కలుపుకోండి. కానీ ఆ మిషను బండెక్కిన చోటికి వచ్చినప్పుడు మాత్రం 'పోయింది' అనకండి, 'వెళ్ళారు' అనండి. ఎంతైనా రిటైరైన అధికారి.